రోడ్‌సైడ్ అసిస్టెన్స్: ఢిల్లీ ఎన్‌సీఆర్ నుంచి దూర ప్రయాణాలు

దారిలో బండి మొరాయిస్తే ఉన్న చోటికే మనిషిని పంపి అక్కడికక్కడ బాగుచేయించటం, అది కుదరకపోతే బండిని ఎత్తించి దగ్గరి వర్క్‌షాపుకు చేర్చటం రోడ్‌సైడ్ అసిస్టెన్స్ చేసే పని. బీమా కాగితాల్లో దీన్ని ఆర్‌ఎస్‌ఏ అని పొడి అక్షరాల్లో రాస్తారు. పంక్చరు, దిగిపోయిన బ్యాటరీ, అయిపోయిన పెట్రోలు, కారు లోపలే ఉండిపోయిన తాళంచెవి, మరిగిపోయిన ఇంజను దీనికి నిత్యం తగిలే కేసులు.

ఢిల్లీతో పాటు గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, గాజియాబాద్, సోనిపట్ వంటి పట్టణాలు కలిసిన రాజధాని ప్రాంతం ఈ సేవను గమనించటానికి మంచి చోటు. హిమాలయాలకూ, రాజస్థాన్ ఎడారికీ, గంగా మైదానానికీ, దక్కనుకూ ఇక్కడి నుంచే రోడ్లు చీలుతాయి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు కాగానే కొండలకు బయల్దేరేవాళ్లూ, పిల్లల సెలవులకు హైదరాబాద్ దాకా సొంత కారులోనే వెళ్లే తెలుగువాళ్లూ ఇక్కడ ఉన్నారు.

ఫోను చేస్తే వచ్చే మెకానిక్ అని మాత్రమే అనుకుంటే ఈ సేవ సగమే అర్థమైనట్టు. పంక్చరు వేయటం కాసేపటి పని, వేసేవాడు ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆగిన బండికి అసలు ముప్పు వెనక నుంచి వచ్చే బండి. అందుకే ఈ సేవ విలువను ఆదా అయిన రూపాయల్లో కంటే, బండి రోడ్డు మీద నిలబడిపోయిన నిమిషాల్లో లెక్కకట్టటం సబబు.

ఆగిన బండి, వెనకొచ్చే బండి

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో కొన్ని శీర్షికలు అచ్చు పోసి పెట్టుకున్నట్టు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు" అన్నది వాటిలో ఒకటి. 2024 ఏప్రిల్ 25న కోదాడ దగ్గర, హైదరాబాద్–విజయవాడ హైవే మీద, రోడ్డు పక్కన నిలిపి ఉన్న లారీని కారు ఢీకొని ఆరుగురు చనిపోయారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది ప్రాణాలు పోయాయి. ఆగి ఉన్న వాహనాలను గుద్దిన కేసులకు ఆ నివేదికలో విడిగా ఒక పద్దే ఉంది.

గంటకు 100 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. 120 అయితే 33. ఆగిన కారుకు 50 మీటర్ల వెనక ఎర్ర త్రికోణం పెట్టామనుకోండి, దాన్ని దాటిన బండి రెండు సెకన్లు తిరక్కుండానే మన డిక్కీ దగ్గర ఉంటుంది. ఎక్స్‌ప్రెస్‌వే మీద త్రికోణాన్ని కనీసం వంద అంగలు వెనక్కి నడిచి పెట్టమనేది అందుకే. ఆ నడక కూడా బ్యారియర్ అవతలి నుంచే సాగాలి.

పొగమంచు దిగితే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. 2017 నవంబర్ 8న యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మంచూ కాలుష్యమూ కలిసి కమ్ముకున్నప్పుడు బండి మీద బండి వచ్చి పడింది. ఆగిన కార్లలోంచి దిగి పక్కకు పరుగెత్తిన మనుషుల కళ్ల ముందే ఇంకో కారు దూసుకొచ్చి గుద్దటం దేశమంతా వీడియోల్లో చూసింది. ఆ దారిలో కార్ల వేగ పరిమితి 100. చలికాలంలో దాన్ని 75కు తగ్గిస్తున్నారు.

సహాయ కేంద్రంలో ఫోను ఎత్తినవాళ్లు బండికేమైందని అడిగే ముందు మీరెక్కడ నిలబడ్డారని అడగాలి. మనుషులందరినీ ఇనుప బ్యారియర్ అవతలికి పంపించి, ఆ తర్వాత బండి నంబరు రాసుకునే కేంద్రాన్ని నమ్మవచ్చు. పాలసీ నంబరుతో మొదలుపెట్టే కేంద్రానికి తన పనేమిటో ఇంకా తెలిసినట్టు లేదు.

సలాములతో మొదలైన సంఘం

ఈ సేవ మూలాల్లో ఒకటైన ఆటోమొబైల్ అసోసియేషన్ బ్రిటన్‌లో 1905లో పుట్టింది. వేగ పరిమితి మించిన కార్లను పట్టుకోవటానికి పోలీసులు పొదల చాటున కాపు వేసేవారు. ఆ కాపును ముందుగా చూసి కార్లవాళ్లకు చెప్పటానికి సైకిళ్ల మీద మనుషులను తిప్పటం ఈ సంఘం చేసిన మొదటి పని. అలా చెప్పటం తప్పని కోర్టు తేల్చాక పద్ధతి మార్చారు. సంఘం బిళ్ల ఉన్న కారు కనిపిస్తే సలాము కొట్టటం, ముందు పోలీసులుంటే కొట్టకుండా ఊరుకోవటం! సలాము అందలేదంటే బ్రేకు మీద కాలు వేయాలని సభ్యులకు తెలుసు. ఈ పోలీసు గొడవ నుంచే దారి పొడవునా గస్తీ మనుషులు, ఫోను పెట్టెలు, చివరికి మెకానిక్కులు వచ్చారు.

అమెరికాలో ఇలాంటి సంఘం 1902లో షికాగోలో, జర్మనీలో ఏడీఏసీ 1903లో మొదలయ్యాయి. ఏడీఏసీ 1954 నుంచి రోడ్ల మీదికి పసుపు రంగు బండ్లను పంపుతోంది. జర్మన్లు వాటిని పసుపు దేవదూతలంటారు. ఇవాళ ఆ సంఘంలో 2 కోట్లకు పైగా సభ్యులున్నారు. క్రేన్ బండి కథ అమెరికాలోని చటనూగాలో మొదలైంది. వాగులో పడ్డ మిత్రుడి కారును తాళ్లతో, మనుషులతో లాగలేక అవస్థపడ్డ ఎర్నెస్ట్ హోమ్స్ అనే మెకానిక్ 1916లో ఒక కారుకే కప్పీలు, గొలుసులు బిగించి దాన్ని తయారు చేశాడు.

మనం రోజూ అనే స్టెప్నీ మాట కూడా ఈ కాలానిదే. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ స్ట్రీట్ అనే వీధిలో డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రాన్ని అమ్మకానికి పెట్టారు. వీధి పేరు చక్రానికి వచ్చింది. పుట్టిన దేశం ఆ పేరును దాదాపు మరిచిపోయింది. మన పంక్చరు షాపుల్లో మాత్రం ఇంకా బతికి ఉంది.

మన దేశంలోనూ కోల్‌కతా, ముంబై, చెన్నై, ఢిల్లీ కేంద్రాలుగా ప్రాంతానికొక ఆటోమొబైల్ అసోసియేషన్ ఏర్పడింది. ఢిల్లీలోని అప్పర్ ఇండియా సంఘం ఉత్తరాది బాధ్యత చూసేది. అయితే అంబాసిడర్, ఫియట్ల కాలంలో బండి ఉన్నవాడికో, డ్రైవరుకో కొంత మెకానిక్ పని వచ్చే ఉండేది. ఫ్యాన్ బెల్టు తెగితే మార్చేవారు, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దేవారు, నలుగురు తోస్తే బండి స్టార్టయ్యేది. 1983 డిసెంబర్‌లో గుర్గావ్ (నేటి గురుగ్రామ్) ఫ్యాక్టరీ నుంచి మారుతి 800 బయటికొచ్చాక బానెట్ ఎత్తని యజమానుల తరం మొదలైంది. ఎలక్ట్రానిక్స్ పెరిగాక ఎత్తినా లోపల చేయగలిగింది లేకుండా పోయింది. కార్ల కంపెనీలు వారంటీతో పాటు ఈ సేవను ఇవ్వసాగాయి. మోటారు బీమా ధరల మీద కట్టుబాట్లు 2007లో సడలాక బీమా సంస్థల మధ్య పోటీ పెరిగి, పాలసీకి తగిలించే అదనపు రక్షణల్లో ఇదీ చేరింది.

ఎవరి రోడ్డు, ఎవరి నంబరు

ఢిల్లీ నుంచి బయటపడే పెద్ద రోడ్లన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి, యజమానులు మాత్రం వేరు. జాతీయ రహదారుల సంస్థ పరిధిలోని రోడ్డు మీద ఆగితే 1033కు ఫోను చేయాలి. ఇది 2018 నుంచి నడుస్తున్న ఉచిత నంబరు. అంబులెన్సు, గస్తీ బండి, క్రేను మూడింటికీ ఇదే దారి. 246 కి.మీ. ఢిల్లీ–దౌసా–లాల్సోట్ భాగం 2023 ఫిబ్రవరి 12న ప్రారంభమైన ఢిల్లీ–ముంబై ఎక్స్‌ప్రెస్‌వే, 2018 మేలో మొదలైన 135 కి.మీ. ఈస్టర్న్ పెరిఫెరల్, పాత ఆగ్రా రోడ్డు ఈ సంస్థ కింద ఉన్నాయి.

2012 ఆగస్టులో ప్రారంభమైన 165 కి.మీ. యమునా ఎక్స్‌ప్రెస్‌వే దీని కిందికి రాదు. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రాకు పోయే ఆ రోడ్డు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ ప్రాధికార సంస్థది. ఆగ్రా–లక్నో ఎక్స్‌ప్రెస్‌వే ఆ రాష్ట్రానిదే మరో సంస్థది. మానేసర్ మీదుగా పోయే వెస్టర్న్ పెరిఫెరల్ హర్యానాది. వాటి సహాయ నంబర్లు వేరు, టోలు దగ్గరి బోర్డుల మీద ఉంటాయి. టోలు దాటేటప్పుడు ఆ బోర్డును ఒక ఫొటో తీసి ఉంచుకుంటే చాలు. ఈ పని చేసేవాళ్లు అరుదు. ఢిల్లీ నగరం లోపల బండి ఆగితే ట్రాఫిక్ పోలీసుల నంబరు 1095. దేశంలో ఎక్కడైనా ప్రాణాల మీదికి వస్తే 112. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఇతర రాష్ట్రాలకు పాకిందన్నది తెలుగువాళ్లు గుర్తుచేసుకోదగ్గ సంగతి.

రహదారి సంస్థ క్రేను పని రోడ్డును ఖాళీ చేయటం. బండిని పక్కకో, టోలు ప్లాజా దగ్గరికో చేర్చటంతో దాని బాధ్యత తీరుతుంది. అక్కడి నుంచి మన కంపెనీ వర్క్‌షాపుకు చేర్చటం కొనుక్కున్న ఆర్‌ఎస్‌ఏ పని. ఒకటి ఉంటే రెండోది ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే. మొదటిది ప్రాణానికి, రెండోది ప్రయాణానికి.

నంబరు ఏదైనా అవతలి నుంచి మొదట్లోనే వచ్చే ప్రశ్న ఒకటుంది. "భాయ్ సాబ్, కిలోమీటర్ పత్థర్ పే క్యా లిఖా హై?" రాయి మీద ఏముందని. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. కుడి పక్కన ఒక ధాబా దాటామనో, ఏదో ఫ్లైఓవర్ కింద ఉన్నామనో చెబుతారు. ఆ వర్ణనకు సరిపోయే చోట్లు ఆ రోడ్డు మీద యాభై ఉంటాయి. రాయి మీది అంకె, ఢిల్లీ నుంచి వస్తున్నారా ఢిల్లీ వైపు పోతున్నారా అన్న మాట, ఈ రెండూ చెబితే గస్తీ బండి సరైన వైపు బయల్దేరుతుంది. మధ్యలో డివైడరు ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే మీద తప్పు వైపు బయల్దేరిన బండి తిరిగి రావాలంటే తర్వాతి ఇంటర్‌చేంజి దాకా పోవాలి. వాట్సాప్ లొకేషన్ పంపితే మంచిదే. అది చోటును చూపిస్తుంది, ఏ వైపు రోడ్డో మాత్రం ఒక్కోసారి తేల్చదు.

హైదరాబాద్ దాకా 44

ఢిల్లీ తెలుగువాళ్లకు ఊరి దారంటే చాలాకాలం రైలే. ఒకప్పటి ఏపీ ఎక్స్‌ప్రెస్, ఇప్పటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్. రోడ్డు బాగుపడ్డాక కారు కూడా ఆ జాబితాలో చేరింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఢిల్లీనీ హైదరాబాద్‌నూ కలుపుతుంది. మథుర, ఆగ్రా, ధోల్‌పూర్ దాటి చంబల్ వంతెన మీదుగా గ్వాలియర్, ఆ తర్వాత ఝాన్సీ, లలిత్‌పూర్, సాగర్, లఖ్‌నాదోన్, సివనీ, నాగ్‌పూర్ వస్తాయి. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి. మొత్తం 1,500 కి.మీ. పైమాటే, మధ్యలో కనీసం ఒక రాత్రి బస.

ఈ దారిలో సాయం అంతటా ఒకేలా అందదు. ఆగ్రా దాకా, నాగ్‌పూర్ చుట్టుపక్కల, కామారెడ్డి దాటాక వర్క్‌షాపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. సాగర్ నుంచి సివనీ దాకా పల్చబడతాయి. సివనీ–నాగ్‌పూర్ మధ్య పెంచ్ అడవి వస్తుంది. కిప్లింగ్ మౌగ్లీ కథలకు నేపథ్యమైన కొండలు ఇవే. జంతువులు కింది నుంచి దాటిపోవటానికి ఇక్కడ రోడ్డును పైకెత్తి కట్టారు. పగలు చూడముచ్చటైన దారి. రాత్రి పదకొండింటికి క్లచ్చు పోతే, రెండు కొసల్లో ఏ ఊరు దగ్గరో, ఎక్కడ కంపెనీ వర్క్‌షాపు ఉందో తెలిసిన గొంతు ఒకటి ఫోనులో ఉండటం పెద్ద ధైర్యం. పిల్లలూ, పెద్దవాళ్లూ కారులో ఉంటే ఆ ధైర్యమే సేవలో సగం.

రాత్రి భయానికి ఇంకో కారణమూ ఉంది. 2017 మే నెలలో జేవర్–బులంద్‌షహర్ రోడ్డు మీద దుండగులు టైరు పేలేట్టు చేసి ఒక కుటుంబం బండిని ఆపి దోచుకున్నారు, అడ్డుపడ్డ వ్యక్తిని కాల్చి చంపారు. చీకట్లో టైరు దిగితే వెంటనే ఆపకుండా, రిమ్ము పాడైనా సరే, దీపాలున్న చోటుదాకా మెల్లగా నడుపుకుపోవాలని ఆ ప్రాంతపు డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు. రిమ్ము మళ్లీ కొనుక్కోవచ్చు.

ఎత్తటంలోని ఒడుపు

ఢిల్లీ, హర్యానా డ్రైవర్ల నోట టోచన్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. తాడో, గొలుసో, ఇనుప కడ్డీయో కట్టి ముందు బండితో వెనక బండిని ఈడ్చటమది. పాత లారీలకు ఇది సరిపోయింది. ఇంజను ఆగిన నేటి కారులో బ్రేకు పెడలు రాయిలా బిగుస్తుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ముందు బండి హఠాత్తుగా ఆగితే వెనకవాడు చేయగలిగింది తక్కువ. ఆటోమేటిక్ గేరు కార్లను ఈడిస్తే ఇంకో నష్టం. గేరుబాక్సులో నూనె తిప్పే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది కాబట్టి, నూనె అందక లోపలి భాగాలు అరిగిపోతాయి. విద్యుత్ కార్లలో చక్రం తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుడుతుంది. ఈ రెండు రకాలకూ బండి మొత్తాన్ని పళ్లెం మీదికి ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ తప్పదు.

ఫ్లాట్‌బెడ్ వచ్చాక పని ఇలా సాగుతుంది. వచ్చినతను ముందు కారు చుట్టూ తిరిగి నాలుగు పక్కలా ఫొటోలు తీస్తాడు. పాత గీతలు కొత్త గొడవలు కాకుండా ఇది ఇద్దరికీ రక్షణ. తర్వాత పళ్లెం వెనక్కి జరిగి, నేలను తాకేలా వాలుతుంది. టూల్ కిట్‌లో ఉండే కొక్కేన్ని తీసి బంపరుకున్న చిన్న మూత వెనక మరలాగా తిప్పి బిగిస్తారు. చాలామంది యజమానులు ఆ కొక్కేన్ని మొదటిసారి చూసేది అప్పుడే. విన్చి తీగ తగిలించి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలితే కారు అంగుళం అంగుళం పైకెక్కుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఆటోమేటిక్ కారు మాత్రం పార్క్ నుంచి కదలనంటుంది. గేరు పక్కన చిన్న మూత కింద దాచిన మీటను నొక్కి విడిపించాలి. చివరికి బెల్టులు వేయాల్సింది చక్రాలకు. తొందరలో బంపరుకు కట్టేవాళ్లను ఆపటం యజమాని హక్కు.

లారీ బోల్తాపడితే వచ్చేది వేరే యంత్రం. దాన్ని ఏ బ్రాండుదైనా అందరూ హైడ్రా అనే అంటారు.

ఎండ, చలి, నీళ్లు

ఢిల్లీ వాతావరణం బండి మీద రెండు వైపుల నుంచీ దెబ్బ కొడుతుంది. మే, జూన్‌లలో 45 డిగ్రీలు దాటే ఎండ బ్యాటరీ పలకలను తినేస్తుంది. ఆ సంగతి అప్పుడు బయటపడదు. డిసెంబర్ చలిలో ఇంజను నూనె చిక్కబడి సెల్ఫ్‌కు ఎక్కువ బలం కావాల్సి వచ్చిన ఉదయాన బయటపడుతుంది. బ్యాటరీ చలికి పోయిందని అందరూ అనుకుంటారు, నిజానికి అది వేసవిలోనే సగం పోయింది.

టైరు పేలటానికి గాలి ఎక్కువ కావటమే కారణమని చాలామంది నమ్మకం. గాలి తక్కువైన టైరుదే పెద్ద ప్రమాదం. తిరిగినప్పుడల్లా పక్క గోడలు మడతపడి, వేడెక్కి, చివరికి చిరుగుతాయి. గంటల తరబడి ఒకే వేగంతో పోయే సిమెంటు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ వేడి చల్లారే వీలుండదు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు దాని వయసు చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని.

వానలదీ వేరే బాధ. 2020 జులైలో మింటో బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో చిక్కుకుని ఒక డ్రైవరు చనిపోయాడు. గురుగ్రామ్ అండర్‌పాసుల్లో ఏటా కార్లు మునుగుతాయి. నీళ్లలో ఆగిన కారుకు మళ్లీ సెల్ఫ్ కొడితే సిలిండర్లలో చేరిన నీరు కుదించుకోదు కాబట్టి లోపలి కడ్డీలు వంగుతాయి. కొద్దిలో తేలాల్సిన ఖర్చు లక్ష దాకా పోవచ్చు. ఇక్కడ సాయం విలువంతా చేయి ఆపి, ఫోను చేసి, ఫ్లాట్‌బెడ్ వచ్చేదాకా ఓపిక పట్టటంలో ఉంది.

కాగితంలోని చిన్న అక్షరాలు

ఏడాదికి కొన్ని వందల నుంచి రెండు మూడు వేల రూపాయల మధ్య దొరికే ఈ పథకాల్లో మెలికలు లేకపోలేదు. ఉచితంగా ఎత్తుకెళ్లే దూరానికి హద్దుంటుంది, దాటితే కిలోమీటరుకింత. ఏడాదికి ఇన్నిసార్లే అని లెక్కుంటుంది. కొన్ని లీటర్ల పెట్రోలు తెచ్చిస్తారు, దాని ధర మనదే. బురదలోంచి, గుంటలోంచి లాగటం చాలా పథకాల్లో ఉండదు. ఆ రాత్రి హోటలు, ముందుకు పోవటానికి టాక్సీ ఖరీదైన పథకాల్లోనే ఉంటాయి. అందులోనూ సొంత ఊరి నుంచి ఇంత దూరం దాటితేనే అన్న షరతు ఉండవచ్చు. దూర ప్రయాణికుడు మొదట చూడాల్సిన వాక్యం అదే. ఊళ్లో తిరిగేవాడికి జంప్‌స్టార్టు చాలు, లలిత్‌పూర్‌లో ఆగినవాడికి గది కావాలి. కొత్త కారుతో కంపెనీ ఇచ్చినదీ, బీమాతో కొన్నదీ రెండూ ఒకేసారి ఉన్నవాళ్లు తక్కువేం కాదు. రెండోదానికి డబ్బు దండగ.

రోడ్డు మీద పోయేవాళ్ల సాయానికీ చట్టం దన్ను ఇచ్చింది. ప్రమాద బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులు, కోర్టులు వేధించకుండా 2019 సవరణ మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చింది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన పథకం కింద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా చికిత్స అందుతుంది.

స్టెప్నీ లేని కార్లు

ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో కేంద్రం నిబంధన సడలించింది. విద్యుత్ కార్లలో కొన్నింటికి అది లేనే లేదు. రాజధాని ప్రాంతంలో విరివిగా తిరిగే సీఎన్‌జీ కార్లలో చాలావాటికి డిక్కీని సిలిండరు ఆక్రమించి, దాని కిందో పక్కనో ఉన్న చక్రాన్ని తీయటమే ఒక ప్రహసనం. మేకు దిగితే కిట్టులోని జిగురు పురితో పని నడుస్తుంది. పక్క గోడ చిరిగితే ఏ పురీ నిలవదు. ఒకప్పుడు జాకీ, పానాలతో అరగంటలో తేలిపోయిన పని ఇప్పుడు ఫ్లాట్‌బెడ్ దాకా పోతోంది.

అయితే ఫ్లాట్‌బెడ్ అంతటా దొరకదు, కొండల్లోకి పోయేకొద్దీ ఈ సేవ పల్చబడుతుంది. మనాలి దాకా బాగానే అందుతుంది. 2020 అక్టోబర్‌లో తెరిచిన 9 కి.మీ. అటల్ టన్నెల్ దాటి లాహౌల్‌లోకి దిగాక తాండీ అనే చిన్న ఊరు వస్తుంది. తర్వాతి పెట్రోలు బంకు 365 కి.మీ. దూరంలో ఉందని చెప్పే బోర్డు అక్కడ చాలా ఏళ్లు నిలబడి ఉండేది. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగని లేహ్ యాత్రికుడు లేడు. లడఖ్‌ను చాలా పథకాలు తమ పరిధి నుంచి మినహాయిస్తాయి. అక్కడ బండి ఆగితే వచ్చేది కొన్నిచోట్ల సైన్యం లారీ, ఎక్కువచోట్ల వెనక వస్తున్న ట్రక్కు డ్రైవరు. అతను దిగి, బానెట్ లోపలికి ఒకసారి తొంగిచూసి, ఏమీ అడక్కుండా తన క్యాబిన్ వెనక నుంచి టోచన్ గొలుసు బయటికి తీస్తాడు.